విత్తనం పెట్టని పేక

ఆదోనిలో జిన్నింగు మిల్లు గేటు పక్క రేకుల గది.
రాత్రి కాపలా ఉరుకుందప్ప మామది,
కరెంటు పోదు గనక పరీక్షల నెలంతా నేనూ ఆడనే.
తీగకు వేలాడే బల్బు మీద దూది నూగు,
ల్యాప్‌టాప్ మీటల సందుల్లో దూది నూగు,
సెమికోలను నొక్కితే మెత్తగా దిగుతుంది.

గఫార్ సారు ఇచ్చిన పని: సి భాషలో ఒక పేకాట.
తోటి పిల్లలు ఇరవయ్యొకటి రాస్తున్నారు.
నేను లోపల-బయట ఎత్తుకున్నాను.
ఎందుకో మామకు చెప్పలేదు.
పెద్దతుంబళం దగ్గర మూడెకరాల నల్లరేగడి
లోపల అనుకున్నది బయట పడి పోయిన సంగతి
మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

యాభై రెండు గళ్ళు. మొదటిది సున్నా, చివరిది యాభై ఒకటి.
"సున్నా గూడా ముక్కేనా?" టీ గ్లాసు పెడుతూ అడిగాడు.
"అదే మొదటి ముక్క."
"మా లెక్కలో అది చివర్ల వస్తుండె."
బీడీ తీసి, దూది గుర్తొచ్చి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

రాండ్ ఒక పెద్ద అంకె విసురుతుంది,
భాగించి శేషం పట్టుకుంటాను,
ఆ శేషం చోటున్న ముక్కతో ఈ ముక్కను మారుస్తాను.
కలిపి, కలిపి, జోకరు తిప్పాను: కళావరు ఏడు.
బయట. లోపల. బయట. లోపల. బయట పడింది ఆఠీను ఏడు.
మూసి మళ్ళీ నడిపాను. కళావరు ఏడు,
బయట ఆఠీను ఏడు.
మళ్ళీ. కళావరు ఏడు.

మామ స్టూలు లాక్కున్నాడు.
నాలుగోసారికి తెర కంటే ముందే చెప్పేస్తున్నాడు,
"ఇప్పుడు రాణి. ఇప్పుడు తొమ్మిది. ఇప్పుడు పడుతుంది సూడు."
పడింది.
ఆయన గెలవడం నేను చూసింది అదే మొదలు.
"దీన్ని ఇట్లనే ఉండనీ పాపా, బాగుండాది."

కానీ అది తప్పు. సీడ్ ఇవ్వలేదు నేను,
ఇవ్వకపోతే ఏ పూట నడిపినా అదే వరస.
సీడంటే విత్తనమని చెప్పనక్కర్లేకపోయింది,
సంచి మీద ఒక బొమ్మ, లోపల ఇంకో గింజ,
ఒకే ఏడాది నాలుగుసార్లు విత్తిన మనిషి.
"విత్తనం ల్యాకుండానే పంటా? అదీ ప్రతిసారి ఒకటే పంట?"
కాసేపు ఆగి,
"మా కొట్టంలో పంచేటోడు గూడా విత్తనం మరిచినోడేమో.
నాకు తప్ప అందరికీ వరస తెలుసు."

ఒక వరుస చేర్చాను.
కాలమే విత్తనం: డెబ్బై జనవరి ఒకటి నుంచి గడిచిన సెకన్లు.
"నేను పుట్టిన సమ్మచ్చరం. అన్నీ లెక్కపెట్టిందా అది?"
ఇక ముక్కలు ఎవరికీ చెప్పకుండా వచ్చాయి.

నూరు రూపాయలిచ్చాను, తెర మీది రూపాయలు.
ముప్పై పోయె. నలభై వచ్చె. నూట పది పోయె.
సున్నా మీద కాస్తే అడ్డం చెప్పే మాట రాయలేదు నేను.
ఒక్క రూపాయి కాశాడు, ఓడాడు,
తెర మీద నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర.
అన్‌సైన్డ్ అని రాసిన అంకెకు అప్పు తెలీదు,
సున్నా కిందికి జారితే నెత్తి మీదికి తేలుతుంది.
కడుపు పట్టుకుని నవ్వాడు మామ.
"బ్యాంకు మేనేజరుకు సూపియ్యి పాపా దీన్ని!"

నవ్వు ఆగినాక చూస్తే
చెయ్యి మాత్రం మీటల మీదే ఉంది.
రాత్రి రెండు. పత్తి లారీ మూడుసార్లు హారను కొట్టింది,
నేనే పోయి గేటు తీసొచ్చాను.

"దీన్ని ఆపేది ఎట్ల?"
అప్పుడు గుర్తొచ్చింది, బయటికి దారి రాయలేదు.
వైల్ ఒకటి, అంటే ఎప్పటికీ.
కంట్రోల్ పట్టుకుని సి కొట్టాలి, రెండూ ఒకేసారి.
బేళ్ళ కొక్కెం పట్టి కాయ కాసిన వేలు
సి ఒక్కదాన్నే తాకి, ఎంటరు మీద పడింది.
అంకె అడిగితే అక్షరం వచ్చిందని బెదిరి
తెర పరుగెత్తింది

ఎంత కాస్తావు
ఎంత కాస్తావు
ఎంత కాస్తావు

మామ స్టూలుతో సహా వెనక్కి జరిగాడు.
"ఇది మాత్రం," అన్నాడు, "సరిగ్గా రాసినావు."

రెండు మీటలూ నేనే నొక్కాను.
చెవి మీది బీడీ తీసుకుని
బయటికి పోయాడు.